రెండవ త్రోవ: అండమాను దీవుల వార్తామార్గములు, కార్యాలయపు సర్వరు

1872వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలము భారతదేశపు వైస్రాయి లార్డు మేయో, పోర్టుబ్లేరు రేవునకు ఎదుటనున్న హారియెట్ కొండపైనుండి సూర్యాస్తమయమును చూచి, హోప్‌టౌను రేవుకట్టకు దిగివచ్చుచు, షేర్ అలీ అఫ్రీదీ యను ఖైదీ కత్తిపోటునకు గురియై మరణించెను. దేశమును పాలించు అధికారి హతుడయ్యెను. దేశమునకు ఆ సంగతి తెలియదు. కలకత్తానుండి మదరాసు వరకు తంతులు సాగియున్న కాలమది. బొంబాయినుండి సముద్రగర్భపు తంతి 1870లోనే నెలకొని, లండనునకు వార్తలు కొలది గంటలలో పోవుచుండెను. పోర్టుబ్లేరునకు మాత్రము ఏ తంతియు లేదు. వైస్రాయి మరణవార్త సైతము ఓడనెక్కి, ఓడ నడచినంత వేగముతోనే బంగాళాఖాతమును దాటవలసివచ్చెను. కలకత్తానుండి లండను చేరుటకు పట్టిన కాలముకంటె పోర్టుబ్లేరునుండి కలకత్తా చేరుటకు పట్టిన కాలమే ఎక్కువ.

ఈ దూరము నేటికిని తరుగలేదు. పోర్టుబ్లేరు (దీని పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని మార్చబడినది) చెన్నపట్టణమునకు సుమారు 1,190 కిలోమీటర్లు, విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్లు, కలకత్తాకు సుమారు 1,255 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఓడప్రయాణము దాదాపు మూడు దినములు. 2011 జనగణన ప్రకారము ఈ దీవుల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చి ఇచ్చట చేపలు పట్టి, కూలినాలి చేసి, కొలువులు చేసి స్థిరపడిన కుటుంబములు వీరిలో పెక్కు. ఇంటినుండి వార్త రావలెననినను, ఇంటికి వార్త పంపవలెననినను సముద్రమును దాటవలసినదే. కావున ఈ దీవుల చరిత్రను యుద్ధములతోను జైళ్ళతోను మాత్రమే గాక, ఏ కాలమున ఎన్ని వార్తామార్గములుండెను, అవి ఎప్పుడెప్పుడు తెగినవి అను ప్రశ్నతో కూడ చదువవచ్చును.

ఆ ప్రశ్న నేటి కార్యాలయములకును సంబంధించినదే. రేషను కార్డులు, జీతములు, పింఛనులు, భూమి పత్రములు, ఆసుపత్రి చీటీలు ఇప్పుడు సర్వరులలో ఉన్నవి. సర్వరనగా పెక్కుమంది బల్లలమీది కంప్యూటరులకు ఒకచోటనుండి లెక్కలను, పత్రములను అందించు యంత్రము. అది ఆగినచో కిటికీ ముందు నిలిచిన వృద్ధుడు రేపు రమ్మను మాట విని వెనుదిరుగును. అట్టి యంత్రమును ఎన్నుకొనునప్పుడు మొట్టమొదట అడుగవలసినది దాని వేగము కాదు. దానిలో ఏ భాగము చెడినచో మొత్తము ఆగునో ఆ భాగమునకు తోడు కలదా అని. ఇంజనీర్లు ఈ ఏర్పాటును రిడండెన్సీ యందురు. తెలుగున దీనికి ఒక్క మాట నిలువలేదు. తోడు సాధనము అనిన చాలును.

రెండు పడవలమీద కాలు పెట్టరాదని తెలుగువారి సామెత. అయినను సముద్రముమీద పోవు పెద్ద ఓడ తన ప్రక్కన చిన్న పడవలను వ్రేలాడగట్టుకొనియే పోవును. పల్లెలో హరికథ పెట్టించు పెద్దమనిషికి ఈ రహస్యము ఏ శాస్త్రమును చదువకయే తెలియును. పందిరిలో ఒక పెట్రోమాక్సు దీపము వెలుగుచుండగానే రెండవదానికి గాలికొట్టి సిద్ధముగా ఉంచును. అయితే రెండు దీపములకును నూనె ఒకే డబ్బాలోనిదై, ఆ డబ్బాలో నీరు కలిసియున్నచో, రెండును ఒక్క రాత్రియే ఆరును. దీపములు రెండు, ఆధారము ఒకటి. అండమాను వార్తామార్గముల చరిత్రలో మరల మరల కనుపించు సంగతి ఇదియే.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో పోర్టుబ్లేరునకు నిస్తంతి వచ్చెను. మార్కోనీ అట్లాంటికు సముద్రమును దాటించి సంకేతమును పంపినది 1901 డిసెంబరులో. అటుపిమ్మట కొలది యేండ్లకే పోర్టుబ్లేరునకును, బర్మాలో బస్సీను నది ముఖమునందున్న డైమండు దీవికిని మధ్య నిస్తంతి సంబంధ మేర్పడెను. అచ్చటినుండి బర్మా తంతుల ద్వారా వార్త భారతదేశమును చేరును. భారతదేశమున ఈ విద్యను నిత్యోపయోగమునకు తెచ్చిన తొలి స్థలములలో ఇది యొకటి. ఆ త్రోవ బర్మా మీదుగా. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. అదే నెల 23న వారు పోర్టుబ్లేరున దిగిరి. 1945 అక్టోబరు వరకు దీవులకు మాతృదేశముతో సామాన్యమైన వార్తాసంబంధము లేకపోయెను. మూడున్నర సంవత్సరములు ఎవరు బ్రతికియున్నారో, ఎవరు లేరో ఒడ్డుననున్న బంధువులకు తెలియలేదు. అట్టి ఆపదను ఏ యంత్రపు తోడును తప్పింపజాలదన్నది నిజమే. ఒకే దిక్కుననున్న త్రోవలన్నియు ఆ దిక్కు పోయిననాడే పోవునన్నదియు నిజమే.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రేడియో కేంద్రములు పెరిగినవి; ఆ తరువాత ఉపగ్రహము వచ్చినది. ఉపగ్రహము దీవులకు వరము వంటిది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, చెన్నపట్టణమును కారు నికోబారును ఒకే చూపుతో చూడగలదు. మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు పావు సెకను పట్టును. అడిగినదానికి జవాబు వచ్చుటకు అర సెకను. అంతమాత్రపు ఆలస్యమును ఎవరును లెక్కచేయరు. చిక్కు మరియొకచోట ఉన్నది. పైనున్న యంత్రమును బాగుచేయుటకు పోవువారు లేరు. భారతదేశపు తొలి ఇన్‌శాటు, ఇన్‌శాట్ 1ఏ, 1982 ఏప్రిలు 10న ఎగిరి, అదే సంవత్సరము సెప్టెంబరులో పనికిరాకుండపోయెను. ఏడేండ్లు పనిచేయవలసినది ఐదు నెలలైనను నిండలేదు. 1983 ఆగస్టులో ఇన్‌శాట్ 1బీ పైకి పోయి నిలదొక్కుకొనువరకు దేశము వేచియుండవలసివచ్చెను. 1997 జూనులో ఎగిరిన ఇన్‌శాట్ 2డీ నాలుగు నెలలకే విద్యుత్తు లోపమువలన చెడగా, అరబ్బుదేశముల సంస్థ వద్దనుండి ఆకాశముననున్న ఒక ఉపగ్రహమునే కొని, దానికి ఇన్‌శాట్ 2డీటీ అని పేరుపెట్టిరి. ఇంటిలో గొడుగు విరిగినప్పుడు పొరుగింటి గొడుగును కొనితెచ్చుకొన్నట్టి పని. ఆనాడు అది తెలివైన పనియే. పొరుగింట గొడుగు లేని దినము కూడ ఉండును.

2004 డిసెంబరు 26 ఆదివారము. ఉదయము ఆరు గంటల ఇరువదితొమ్మిది నిమిషములకు సుమత్రా వాయవ్యతీరమున సముద్రగర్భమున భూమి చీలెను. ఆ చీలిక నికోబారు, అండమాను దీవుల క్రిందుగా ఉత్తరమునకు వందలాది కిలోమీటర్లు ప్రాకెను. భూకంప పరిమాణము 9.1 అని కొందరు, అంతకు పైన అని కొందరు లెక్కించిరి. గ్రేటు నికోబారు దక్షిణాగ్రమున ఇందిరా పాయింటువద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. 1972లో వెలిగించిన దీపస్తంభపు మొదలు నీటిలోనికి పోయెను. ఉత్తరమున కొన్నిచోట్ల నేల పైకిలేచి, పగడపు దిబ్బలు బయటపడెను. పోర్టుబ్లేరు పరిసరములలో నేల క్రుంగి పంటపొలములలోనికి ఉప్పునీరు వచ్చెను. కారు నికోబారులోని వైమానికదళ స్థావరమున నూరుమందికి పైగా సిబ్బందియు వారి కుటుంబములవారును మరణించిరి. దీవులన్నిటిలో మరణించినవారును జాడ తెలియనివారును మూడువేలకు పైబడిరి.

ఆ ఉదయము వార్తామార్గములకు ఏమి జరిగినదో విచారించిన కన్నులు తెరచుకొనును. ఆనాటి వైమానికదళాధిపతి ఎస్. కృష్ణస్వామి తరువాత పత్రికలవారికి చెప్పినదానినిబట్టి, కారు నికోబారునుండి వచ్చిన చివరి వార్త దీవి మునుగుచున్నదని, అటుపై మౌనము. ఉపగ్రహమునకు ఏ హానియు కలుగలేదు. అది ఆకాశమున యథాప్రకారము తన చోటనే ఉన్నది. చెడినవి క్రింద నేలమీదివి: భవనములు, విద్యుత్తు, డీజిలు యంత్రములు, స్తంభములు, తీగలు. టెలిఫోను, దీపము, నీటి పంపు అన్నియు ఒకే నేలమీద నిలిచినవి. ఆ నేలయే కదలెను. చెన్నపట్టణపు తీరమునకు అల చేరుటకు రెండు గంటలకు పైగా వ్యవధి ఉండెను. దీవులు చెప్పగలిగియుండి, వినువారు సిద్ధముగా ఉండి, హెచ్చరించు ఏర్పాటు ఉన్నచో ఆ వ్యవధి ఎన్ని ప్రాణములకో సరిపోయెడిది.

ఇచ్చట హైదరాబాదు కథలోనికి వచ్చును. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక చిన్న బృందము ఆ డిసెంబరు నెలలోనే పోర్టుబ్లేరునకు పోయియుండెను. అమెచ్యూరు రేడియో యనగా సర్కారు అనుమతితో వేడుకగా, జీతభత్యములు లేక, ఇంటినుండియే ప్రపంచమంతటితోను మాటలాడు విద్య. అండమానునుండి అట్టి ప్రసారము జరిగి పదునైదేండ్లకు పైగా అయినందున, ఆ దీవులతో ఒక్కసారియైనను మాటలాడవలెనని ప్రపంచమున నలుమూలల ఔత్సాహికులు కాచుకొనియుండిరి. వారి కోరిక తీర్చుటకే ఆ బృందము ఏరియలును కట్టి, రాత్రింబవళ్ళు వేలకొలది కేంద్రములతో పలుకరింపులు జరుపుచుండెను. భూమి కంపించినంతనే వేడుక ఆగెను. సహాయవార్తల పని మొదలయ్యెను. టెలిఫోనులు మూగపోయిన గంటలలో ఆ పెట్టె పలికెను. క్షేమసమాచారములు అడుగువారి పేర్లు, జాడ తెలియనివారి పేర్లు, అధికారులకు కావలసిన వార్తలు దాని ద్వారా నడచినవి. బృందమువారు కారు నికోబారునకును పోయి పనిచేసిరి.

ఆ రేడియోను ప్రభుత్వపు ప్రణాళికలో ఎవరును వ్రాయలేదు. అది ఆనాడు అచ్చట ఉండుట కాకతాళీయము. కాని అది ఏల పనిచేసినదన్న ప్రశ్నకు జవాబు కాకతాళీయము కాదు. దానికి స్తంభముల వరుస అక్కరలేదు, ఎక్స్‌చేంజి అక్కరలేదు, బ్యాటరీమీదనైనను నడచును, అయనమండలమునుండి ప్రతిఫలించు తరంగముతో వేలకొలది కిలోమీటర్లు పోవును. టెలిఫోను నమ్ముకొన్న ఏ ఒక్క ఆధారమును అది నమ్ముకొనలేదు. మరియొక టెలిఫోను ఎక్స్‌చేంజి అదే వీధిలో ఉండియున్నచో, అదియు మొదటిదానితోపాటే మూగపోయెడిది. తోడనగా మరియొకటి యని మాత్రమే కాదు. వేరుగా బ్రతుకునది, వేరుగా చచ్చునది అని అర్థము. కొనుగోలు చేయువారిలో పెక్కుమంది మొదటి సగముతోనే తృప్తిపడుదురు.

తరువాత హైదరాబాదులోనే సముద్రసమాచార జాతీయ కేంద్రమున, ఇన్‌కాయిస్ అని పిలువబడు సంస్థయందు, సునామీ హెచ్చరిక కేంద్రము 2007 అక్టోబరు 15న నెలకొల్పబడినది. దాని నిర్మాణమున ఈ పాఠము స్పష్టముగా కనబడును. భూకంపమాపకములు భూమి కదలెనని చెప్పును. సునామీ పుట్టెనని చెప్పజాలవు. సముద్రపు అడుగున పెట్టిన పీడనమాపకములు పైనున్న నీటి బరువులో స్వల్పమైన మార్పును కనుగొని, ధ్వని ద్వారా నీటిపైనున్న తేలుబోయకును, బోయ ఉపగ్రహమునకును వార్త పంపును. తీరములందు కెరటమాపకములు మూడవ సాక్షి. ముగ్గురు సాక్షులును మూడు విధములైనవారు. తేలుబోయలు అప్పుడప్పుడు చేపలుపట్టువారి చేతులలో దెబ్బతిని మూగపోవుట కలదు. అప్పటికి తక్కిన సాక్షులుందురు. 2012 ఏప్రిలు 11న సుమత్రా వద్ద 8.6 పరిమాణపు భూకంపము వచ్చినప్పుడు నికోబారునకు హెచ్చరిక జారీచేసి, సముద్రమట్టపు లెక్కలను చూచిన పిమ్మట దానిని ఉపసంహరించిరి. హెచ్చరించుటకు ఒక సాక్షి, విరమించుటకు మరియొక సాక్షి కావలసివచ్చెను.

కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని తమ త్రోవలో కనుగొనిరి. అమెరికాలో బెల్ ప్రయోగశాలలయందు పనిచేయుచుండిన రిచర్డు హామింగు శనాదివారములలో తన లెక్కలను యంత్రమున కప్పగించి పోవుచుండెను. యంత్రము తప్పును కనిపెట్టిన క్షణమున ఆ లెక్కను వదలి తరువాతిదానికి పోయెడిది. సోమవారమున వచ్చి చూచిన లెక్క సున్న. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము తప్పెచ్చటనో తెలిసికొని దిద్దుకొనరాదా యని ఆయన విసిగి ఆలోచించిన ఫలమే 1950లో ప్రకటించిన తప్పులదిద్దు సంకేతములు. నేటి సర్వరుల మెమరీలో ఆ భావమే నడచుచున్నది. సామాన్యపు కంప్యూటరులలో పెక్కింటికి అది లేదు. నమ్మరాని భాగములతో నమ్మదగిన యంత్రమును కట్టుట ఎట్లని జాను ఫాన్ నాయిమను 1956లో వెలువడిన వ్యాసమున చర్చించెను. 1970లలో టాండెమ్ అను సంస్థ ఏ ఒక్క భాగము చెడినను ఆగని యంత్రములను బ్యాంకులకు అమ్మసాగెను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్యాటర్సను, గిబ్సను, కాట్జు అనువారు పెద్ద ఖరీదైన డిస్కు ఒకదానికి బదులు చవుకైన చిన్న డిస్కులను జతపరచి, ఒకటి చచ్చినను లెక్క చావకుండు పద్ధతిని వివరించిరి. రైడ్ అని నేడు వాడుకలోనున్నది అదియే.

లెక్క సులభము. ఒక యంత్రము నూటికి 99 పాళ్ళు పనిచేయుననుకొన్నచో, ఏడాదిలో మూడు దినములకు పైగా ఆగియుండును. అట్టివి రెండు, ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ పనిచేయుచు, ఒకటి నడచినను చాలుననుకొన్నచో, రెండును ఒకేమారు ఆగియుండు కాలము ఏడాదికి సుమారు 53 నిమిషములు. మూడు దినములనుండి గంటలోపునకు! వర్తకులు ఈ సంఖ్యనే చూపుదురు. సంబంధము లేకుండ అను మాటను వారు మెల్లగా పలుకుదురు. రెండింటికిని ఒకే విద్యుత్తు తీగ ఉండి, ఆ తీగ ఏడాదికి ఒక దినము ఆగినచో, 53 నిమిషములు కాగితముమీదనే నిలుచును. మరియు ఒక గొలుసులో విద్యుత్తు, వార్తామార్గము, స్విచ్చి, సర్వరు అని నాలుగు కొక్కెములుండి, ఒక్కొక్కటి నూటికి 99 పాళ్ళు పనిచేయుచున్నచో, గొలుసు మొత్తము ఏడాదిలో పదునాలుగు దినములు తెగియుండును. సర్వరునకు మాత్రము తోడు కొని తక్కిన మూడింటిని వదలినచో ఆ పదునాలుగు పదకొండగును, అంతకుమించి తగ్గదు.

2018 డిసెంబరు 30న పోర్టుబ్లేరులో శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న చెన్నపట్టణమునుండి అండమాను నికోబారు దీవులకు సముద్రగర్భపు ఫైబరు కేబులు ప్రారంభమయ్యెను. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయము సుమారు 1,224 కోట్ల రూపాయలు. పోర్టుబ్లేరుతోపాటు స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలెండు, రంగతు, లిటిల్ అండమాను, కారు నికోబారు, కమోర్టా, గ్రేటు నికోబారు దీనితో కలిసినవి. చెన్నపట్టణము, పోర్టుబ్లేరుల మధ్య సెకనునకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గములు. వైస్రాయి మరణవార్త ఓడపై పోయిన సముద్రపు అడుగునుండి ఇప్పుడు వెలుగు పోవుచున్నది. దీవుల విద్యార్థులకు, రోగులకు, వర్తకులకు దీనివలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. సముద్రగర్భపు కేబులులలో నడుమ నడుమ వెలుగును బలపరచు పెట్టెలుండును. వాటికి విద్యుత్తును రెండు కొసలనుండియు పంపు పద్ధతి కలదు, ఒక కొస ఆగినను రెండవ కొస మొత్తమును నడుపగలదు. సముద్రములో దిగి మార్చుటకు వీలులేని వస్తువును చేయువారు తోడు విషయమున ఎంత జాగ్రత్త పడుదురో దీనివలన తెలియును.

అయినను రెండు మార్గములును ఒకే తొడుగులో ఉన్నవి. ఒక లంగరు ఒకమారు లాగిన రెండును తెగును. ఫసిఫిక్కు సముద్రములోని టోంగా దీవులవారు దీనిని 2022 జనవరి 15న తెలిసికొనిరి. సముద్రములోని అగ్నిపర్వతము పేలి, ఆ దేశమును ఫిజీతో కలుపు ఒక్క కేబులును తెంచెను. కేబులు మరల కలియుటకు ఐదు వారములు పట్టెను. అంతవరకు ఉపగ్రహమే దిక్కు. బాగుచేయు ఓడ దూరమునుండి రావలయును; తెగిన కొసలను వెదకి పైకి లాగవలయును; అతుకవలయును. అండమాను నికోబారు దీవులు దేశపు భూకంప పటమున 2002 నాటి సవరణలో సంపూర్ణముగా ఐదవ మండలమున చూపబడినవి. కేబులు వచ్చినదని ఉపగ్రహపు గిన్నెలను పాతసామానుల గదిలో పడవేయుట ఇట్టిచోట పొదుపు కాదు. వాటిలో వేగము తక్కువయే. కాని సముద్రపు అడుగు కదలిన దినమున ఆకాశము కదలదు.

ఇక దీవిలోని ఒక కార్యాలయమునకు సర్వరు కొనవలసివచ్చినదనుకొందము. ఫైలు నడచును; మూడు టెండరులు వచ్చును; అల్పధరకే మొగ్గు. రెండు పవర్ సప్లైలు గల యంత్రమునకు ధర ఎక్కువ గనుక ఒకటే గలది చాలునని ఒక వ్రాత. వాడకయే ఉంచిన వస్తువునకు వ్యయమేల అని ఆ పిమ్మట ఆడిటువారి ప్రశ్న. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. దానికి జవాబు కొన్న తరువాత వెదకుటకంటె కొనకముందే ఫైలులో వ్రాయవలసినది. ఆగిన ఒక్కొక్క దినమునకు ఎందరు వెనుదిరిగి పోవుదురో, ఏ పని చేతివ్రాతతో నడచునో, ఏది నడువదో అంకెలతో వ్రాసినచో, రెండవ పవర్ సప్లై ధర ఎంత చిన్నదో చదువువారికే తోచును.

మాతృభూమిమీది నగరములలో చెడిన భాగము మరునాటికి రావచ్చును. దీవికి విమానము వాతావరణమునుబట్టి, ఓడ తన వంతునుబట్టి వచ్చును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. జంట డిస్కులలో ఒకటి చెడినప్పుడు పని ఆగదు; కాని ఆ క్షణమునుండి కొత్తది అమరువరకు మిగిలినది ఒంటరి. కొత్తది ఒక దినమున వచ్చుచోట ఆ ఒంటరితనము ఒక దినము. పదునైదు దినములకు వచ్చుచోట అపాయము పదునైదింతలు. కావున దీవిలో కొనువారు యంత్రముతోపాటే ఒకటి రెండు డిస్కులు, ఒక పవర్ సప్లై, ఒకటి రెండు పంకాలు కొని బీరువాలో ఉంచుట అవసరము. యంత్రము నడచుచుండగానే భాగమును మార్చగల అమరిక ఉన్నదా లేదా యని చూడవలయును. ఉప్పుగాలి, తేమ లోహమును తినివేయుచోటు గనుక విడిభాగములను గాలి చొరని సంచులలో ఉంచుట మంచిది.

రెండు పవర్ సప్లైలు కొని, రెండు తీగలను ఒకే యు.పి.ఎస్.కు తగిలించుట మిక్కిలి సామాన్యమైన పొరపాటు. అది నీరు కలిసిన నూనెడబ్బా కథయే. దీవులకు దేశపు విద్యుత్ జాలముతో సంబంధము లేదు, డీజిలే ప్రధానాధారము. ఒక తీగ ఒక యు.పి.ఎస్.కును, రెండవది వేరొకదానికిని పోవలయును. వాటి వెనుక జనరేటరు ఉండవలయును. జనరేటరునకు నూనె ఎన్ని దినములకు నిలువ ఉన్నదో కాగితముమీద గాక పీపాలో కొలిచి చూడవలయును. జంట డిస్కులు ఒకే కర్మాగారమున ఒకే వారమున తయారైనవైనచో ఒకే కాలమున ముసలివగును. వేరు వేరు దఫాల సరుకును అడిగి తీసికొనుట మేలు. జంట డిస్కు నకలు కాదన్న సంగతిని మరువరాదు. గుమాస్తా పొరపాటున ఒక జాబితాను తుడిచివేసినచో, రెండవ డిస్కు విధేయతతో దానిని ఆ క్షణముననే తుడిచివేయును. నకలు వేరొకచోట ఉండవలెను. వేరొక గదిలో కాదు, ఈ నేల కదలినను కదలనిచోట. జాతీయ ఇన్‌ఫర్మేటిక్సు కేంద్రమునకు ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వరము నగరములలో డేటా కేంద్రములున్నవి. అట్టిచోటికి ప్రతిరాత్రి నకలు పోవు ఏర్పాటు దీవి కార్యాలయమునకు రెండవ డిస్కుకంటె విలువైనది. కేబులు తెగిన దినములలో ఉపగ్రహముపై ఏ కొద్ది లెక్కలు ముందుగా పోవలెనో ఆ పట్టికను ప్రశాంతమైన కాలముననే వ్రాసికొనవలెను.

ఇవన్నియు అమర్చిన పిమ్మట ఒక పని మిగులును, దానిని పెక్కు కార్యాలయములు చేయవు. పనిదినమున, అందరును చూచుచుండగా, నడచుచున్న యంత్రమునుండి ఒక పవర్ తీగను ఊడదీయవలయును. ఒక డిస్కును లాగివేయవలయును. కేబులు స్విచ్చిని కట్టివేసి ఉపగ్రహమున లెక్క పోవుచున్నదో లేదో చూడవలయును. నకలునుండి ఒక ఫైలును నిజముగా తిరిగి తెచ్చి, తెరచి, చదువవలయును. ఏది పనిచేయలేదో వ్రాసికొనవలయును. ఈ పరీక్షను ఓడ రేవులో ఉండగా, విడిభాగములు చేతనుండగా, జనవరి ఫిబ్రవరి మాసములలో చేయుట మంచిది. మే నెలలో ఋతుపవనములు ప్రారంభమై ఓడలు ఆలస్యమగు కాలమున కాదు.